దారిన పోయేవాళ్ళు: ఒక్క కాగితం, ఇద్దరు దెయానిరాలు

“గడువు నాలుగు రోజుల్లో అయిపోతుంది నాన్నా” అంది తీతా, కిరాయి మోటారుసైకిల్ మీంచి దిగుతూనే.

గడపలో కుర్చీ వేసుక్కూర్చున్న ఓరేల్‌కి కుడిచెవి ఎప్పుడో చెరకు రైలింజను కూతకి అంకితమైపోయింది. ఎడమచెవి పనిచేస్తుంది గాని, తన ఇష్టం వచ్చినట్టు పనిచేస్తుంది. అందులో పడ్డ గడువు కాస్తా గొడవై కూర్చుంది. గొడవ నాలుగు రోజుల్లో అయిపోతుందట. చెప్పిందెవరు, పట్నం ఆఫీసుకి వెళ్ళొచ్చిన చదువుకున్న కూతురు. ఇంకేం కావాలి. చేతికర్ర కూడా మరిచిపోయి లేచాడు. రేకుల ఇళ్ళ వరస పొడుగునా ప్రతి గుమ్మంలోనూ తలపెట్టి, గొడవ వదిలిందని చెప్పుకుంటూ పోయాడు.

ఆ వరసలో గొడవంటే పదహారు నెలలుగా ఒకటే గొడవ. సరిహద్దు దాటి హైతీ నుంచి చెరకు నరకడానికి వచ్చినవాళ్ళందరూ దారిన పోయేవాళ్ళేననీ, దారిన పోయేవాళ్ళకి ఇక్కడ పుట్టిన పిల్లలు ఈ దేశపువాళ్ళు కారనీ పెద్దకోర్టు తేల్చేసింది. ఓరేల్ చెరకు కూలీలుండే ఈ బతేయ్‌కి వచ్చి ముప్ఫై నాలుగేళ్ళు. అన్నేళ్ళుగా దారిన పోతూనే ఉన్నాడు పాపం, ఇంకా గడప దాటలేదు. చెరకులో చెర ఉందని ఆయనకి ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఆ చెవికి ఎక్కేది కాదు.

తీర్పు మీద నలుదిక్కులా కేకలు లేచాక కొత్త చట్టం ఒకటి వచ్చింది. పుట్టినప్పుడు రిజిస్టరు పుస్తకంలో పేరెక్కిన పిల్లలకి దేశం కార్డు తిరిగి ఇస్తారు. ఎక్కని పిల్లలు గడువులోగా వెళ్ళి, మేం విదేశీయులం అని రాయించుకోవాలి. రెండేళ్ళ తర్వాత ఈ దేశంలో చేర్చుకోమని అర్జీ పెట్టుకోవచ్చు. పుస్తకంలో ఉన్నవాడు పౌరుడు, లేనివాడు పొరుగువాడు. ఇద్దరూ ఒకే గుడిసెలో ఒకే మంచం మీద పుట్టి ఉండొచ్చు.

తండ్రి ఎటు వెళ్ళాడో తీతా చూసుకోలేదు. చూసుకునే స్థితిలో లేదు. తిన్నగా లోపలికి వెళ్ళింది.

తల్లి ఫిలోమీజ్ వెదురుచాటలో బియ్యం ఏరుతోంది. వెనక గదిలో అక్క మోరా, పదకొండు రోజుల పసిపాపకి పాలిస్తోంది. రాజధానిలో ఒకరింట్లో ఏడేళ్ళుగా పనిచేస్తున్న మోరా నిన్ననే బిడ్డనెత్తుకుని బస్సు దిగింది. నిన్న సాయంత్రమంతా ఆ బిడ్డ వేళ్ళు లెక్కపెట్టి మురిసిపోయింది తీతాయే.

“అమ్మా, నా పేరు మీద ఎవరో కార్డు తీసేసుకున్నారు” అంది.

ఫిలోమీజ్ బియ్యంలోంచి ఒక రాయి ఏరి పక్కన పెట్టింది. ఇంకో రాయి కోసం వెతికింది.

ఎవరు అని అడగలేదు.

ఆ ఒక్కటి చాలు తీతాకి. పొద్దున ఆఫీసులో గోళ్ళకి ఎర్రరంగు వేసుకున్న గుమాస్తామ్మ, తీతా కాగితంలో ఉన్న దెయానిరా సెలెస్తాన్ అనే పేరు కంప్యూటరులో కొట్టి, అక్టోబరులోనే కార్డు తీసుకున్నారు గదమ్మా, మళ్ళీ ఎందుకొచ్చారు అని విసుక్కుంది. తీతా నమ్మకపోతే తెర ఇటు తిప్పి చూపించింది. తెరమీద మోరా. జుట్టు చదును చేయించుకుని, చెవులకి పోగులు పెట్టుకుని, దెయానిరాగా నవ్వకుండా చూస్తోంది. కింద సాక్షి సంతకం, ఒలీవా పెన్యా. ఆ ఒలీవా ఎవరో కాదు, వరస చివర కొట్టు నడిపే, అందరూ గౌరవంగా దోన్యా అని పిలిచే ఒలీవా. తీతాకి బొడ్డుకోసిన చెయ్యి ఆవిడది.

దారంతా అమ్మకి ఈ సంగతి ఎలా చెప్పాలా అని ఏడ్చుకుంటూ వచ్చింది తీతా. తీరా చూస్తే అమ్మకి చెప్పాల్సిన అవసరమే లేదు.

బతేయ్‌లో ఎవరి అసలు పేరూ ఎవరికీ పట్టదు. పేర్లు కాగితాలకి, పిలుపులు మనుషులకి. వరసలో తీతా తీతాయే, మోరా మోరాయే. పట్నం బడికి వెళ్ళే బస్సెక్కాకే తీతా దెయానిరా అయ్యేది. ఆ పేరు మీద ఆరేళ్ళు చదివింది. ఆ పేరుతో పిలిస్తే నిద్రలో కూడా పలికేది. కాగితంలో పుట్టిన సంవత్సరం మూడేళ్ళు ఎక్కువ పడింది, గుమాస్తా తప్పు రాశాడు అని చిన్నప్పుడే అమ్మ చెప్పింది. బతేయ్‌లో సగంమంది కాగితాల్లో అలాంటి తప్పు ఏదో ఒకటి ఉంటుంది గనక ఆమెకి ఎన్నడూ అనుమానం రాలేదు. కాగితం లేనిది అక్కకి. అక్కకి చదువు కూడా అబ్బలేదు, అందుకే పదమూడో ఏట పనిలో పెట్టాం అని ఇంట్లో చెప్పుకునేవారు.

తీతా వెనక గది గుమ్మంలో నిలబడింది.

“చూశావా” అంది మోరా, తల ఎత్తకుండా.

“చూశాను. చెవిపోగులు బాగున్నాయి.”

మోరా బిడ్డని ఇటు భుజం నుంచి అటు భుజానికి మార్చుకుంది.

“లెక్కల్లో తొంభయ్యొకటి వచ్చాయక్కా నీకు, తెలుసా? సైన్సులో పట్నం బడి మొత్తానికి నువ్వే ఫస్టు. జూన్‌లో ఆఖరి పరీక్ష ఉంది, హాల్లోకి వెళ్ళాలంటే కార్డు చూపించాలి. అది కూడా నువ్వే రాసెయ్యి, మధ్యలో నేనెందుకు” అంది తీతా. గోడకున్న మేకు గట్టిగా పట్టుకుంది.

“ఆ కాగితం నీదని నీకు ఎవరు చెప్పారు?” అని అడిగింది మోరా. అడిగింది తీతానే గాని, చూసింది మాత్రం తీతా భుజం మీదుగా తల్లిని.

“మోరా” అంది ఫిలోమీజ్. అంతే అంది.

చాటలో బియ్యం చప్పుడు ఆగిపోయింది.

తీతా ఆ ప్రశ్నని పట్టించుకోలేదు. దొంగలు ఎప్పుడూ అడిగే ప్రశ్నే అనుకుంది. ఇది నీదని రుజువేంటి అంటారు ముందు. ఆమె ఇంకా ఏదో అనబోతుంటే వాకిట్లో సందడి వినిపించింది.

వాకిలి నిండిపోయింది. మగాళ్ళు చాలామంది కోతలో ఉన్నారు గాని, ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, పనిలేనివాళ్ళు, పని ఎగ్గొట్టినవాళ్ళు అందరూ వచ్చేశారు. ఎవరో కాఫీ గిన్నె పట్టుకొచ్చారు. ఎవరో పిల్లాడి చేతిలోంచి రేకుడబ్బా లాక్కుని వాయిస్తున్నారు. ముందుగా దోన్యా ఒలీవా, తెల్లటి జుట్టుకి కొత్త రుమాలు కట్టుకుని, కొబ్బరి లౌజు పళ్ళెంతో. వెనకాల పెళ్ళికొడుకు తండ్రిలా ఓరేల్.

ఒలీవా గుమ్మంలో తీతాని కౌగిలించుకోబోయింది. తీతా ఒక అడుగు వెనక్కి వేసింది.

“నాలుగు రోజుల్లో గొడవంతా అయిపోతుందని చెప్పావటగా తల్లీ” అంది ఆవిడ.

“గొడవ కాదు దోన్యా. గడువు.”

వాకిట్లో రేకుడబ్బా ఆగింది. లౌజు ముక్క అప్పటికే నోట్లో వేసుకున్నవాళ్ళు నమలాలో మింగాలో తెలీక అలాగే ఉండిపోయారు. ఒకామె ఓరేల్ ఎడమచెవి దగ్గర వంగి, గ-డు-వు అని ఒక్కో అక్షరం దింపింది. ఆయన కుర్చీ కోసం వెనక్కి తడుముకుని కూర్చున్నాడు.

చెరకు తూకం దగ్గర పనిచేసే సీకో అక్కడే ఉన్నాడు. తరతరాలుగా ఇక్కడివాడు, కార్డున్నవాడు, అందుకని చట్టం ఆయన నోట్లో ఎప్పుడూ తియ్యగానే ఉంటుంది. గడువైతే మాత్రం భయమెందుకు, వెళ్ళి విదేశీయులమని రాయించుకుంటే సరిపోయె, రెండేళ్ళు ఓపిక పడితే ప్రభుత్వమే పిలిచి కార్డిస్తుంది, ఇంతకంటే ఏ దేశం చేస్తుంది అని వివరించాడు. పై పళ్ళన్నీ ఊడిన యోనీజ్ ముసలమ్మ ఆయన్ని పూర్తి చెయ్యనివ్వలేదు.

“ఉన్న పళ్ళు పీకించుకోండి, రెండేళ్ళ తర్వాత కట్టుడుపళ్ళు ఇస్తాం అన్నట్టుంది నాయనా. నేను పీకించుకున్నాను. ఇదిగో, చూడు.”

నవ్వులు లేచాయి. ఇక్కడే పుట్టినవాణ్ణి వేరే దేశంవాడినని రాయమంటే వాడు ఏ దేశం పేరు రాయాలని ఒకరు, తల్లిదండ్రుల దేశం రాయాలని ఇంకొకరు, ఆ దేశంలో వీళ్ళ పేరు ఏ పుస్తకంలో ఉందని మరొకరు. అది పదహారు నెలల వాదం. ఎవరి వాక్యం ఎవరు అందుకోవాలో అందరికీ కంఠతా వచ్చు. కాసేపట్లో వాళ్ళు తీతాని మరిచిపోయేవారే.

తీతా మరవనివ్వలేదు.

“నాకు ఆ చిక్కు లేదు. నా పేరు పుస్తకంలో ఉంది. మా అక్క దాన్ని ఎత్తుకుపోయింది” అంది, అందరికీ వినపడేలా. “కార్డు మీద నా పేరు, తన మొహం. సాక్షి సంతకం ఈవిడది. బొడ్డుకోసిన చేత్తోనే పెట్టింది.”

లౌజు పళ్ళెం ఒలీవా చేతిలో కాస్త వంగింది.

వరసకి ఇలాంటి వార్త చేరితే ఏమవుతుందో అదే అయింది. చెల్లెలి చదువు మింగేసిందని ఒకామె, రాజధాని నీళ్ళు తాగితే ఇంతేనని ఇంకొకామె. మొగుడులేని బిడ్డ సంగతి మూడో ఆమె ఎత్తబోయి, మోరా బిడ్డతో గుమ్మంలోకి రావడం చూసి ఆగిపోయింది. మోరా ఎవరి మొహమూ చూడలేదు. పాప తలకి ఎండ తగలకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆమె అలా మాట్లాడకుండా నిలబడటం తీతాని ఇంకా మండించింది.

“నాలుగు రోజులుందిగా అక్కా. ఆ కార్డు వాళ్ళకి తిరిగిచ్చేసి, పక్క బల్ల దగ్గర విదేశీయురాలినని రాయించుకో. పుస్తకంలో లేనిదానివి, లేనట్టే ఉండు.”

ఒలీవా పళ్ళెం గుమ్మం పక్క అరుగు మీద పెట్టేసింది. చేతులు రుమాలుకి తుడుచుకుంది.

“కొమాద్రే, నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?” అంది లోపలికి చూస్తూ. ఫిలోమీజ్‌నీ ఆవిడనీ, బిడ్డని కన్నామెకీ బొడ్డుకోసినామెకీ మధ్య నడిచే ఆ చుట్టరికపు పిలుపు ఇరవై ఏళ్ళుగా కలిపి ఉంచింది.

“ఇవాళ వద్దు” అంది ఫిలోమీజ్ లోపల్నుంచి.

“ఇరవై ఏళ్ళుగా ఇవాళ వద్దే అంటున్నావు.”

చెప్పడం మొదలుపెట్టాక ఒలీవా ఎవరినీ చూడలేదు, ఎదురుగా ఉన్న చెరకుచేలని చూస్తూ చెప్పింది. ఇరవై ఏళ్ళ కిందట కోతల రోజుల్లో ఫిలోమీజ్‌కి తొలికాన్పు అయింది. ఎనిమిదో రోజున ఒలీవాయే తల్లినీ బిడ్డనీ చెరకుబండి ఎక్కించుకుని పట్నం తీసుకెళ్ళింది. ఫిలోమీజ్ దగ్గర కంపెనీ ఇచ్చిన పనికార్డు తప్ప ఏదీ లేదు. ఆ రోజుల్లో అదే సరిపోయేది. గుమాస్తా బిడ్డ పేరడిగితే, ఫిలోమీజ్ తన భాషలో రోజ్‌మెన్ అంది. అది పేరా దగ్గా అన్నాడాయన. పేరు నేను పెడతాలే అని, తనకి తోచింది రాసేశాడు. దెయానిరా అని.

“ఆ బిడ్డ ఇది” అని ఒలీవా మోరా వీపు మీద చెయ్యి వేసింది. “పేరు దీనిది, తేదీ దీనిది, సంవత్సరం దీనిది. అక్టోబరులో నేను పెట్టిన సంతకం దొంగ సంతకం కాదు. అంతకుముందు నిన్ను బళ్ళో వేసినప్పుడు పెట్టానే తల్లీ, అది దొంగది.”



మూడేళ్ళకి తీతా పుట్టింది. మళ్ళీ అదే బండి, అదే కిటికీ. ఈసారి పనికార్డు చెల్లదన్నారు, దేశం కార్డు తెమ్మన్నారు. మరుసటి ఏడు వెళితే అదే మాట. ఆ పైఏడూ అదే మాట. ఇంట్లో పత్రం ఒకటి, పుత్రికలు ఇద్దరు. బతేయ్ బడిలో ఆరో తరగతి దాకా ఎవరూ కాగితం అడగరు, పట్నం బడికి మాత్రం అది లేనిదే కుదరదు. మోరా ఆరో తరగతి పూర్తిచేసిన ఏడాది ఫిలోమీజ్ నిర్ణయం తీసుకుంది. కాగితాన్ని పెద్దదానికి వాడలేదు, చిన్నదానికని దాచింది.

తీతా తల్లివైపు తిరిగింది. ఫిలోమీజ్ చాట పట్టుకునే గుమ్మంలోకి వచ్చి నిలబడి ఉంది.

“సంవత్సరం గుమాస్తా తప్పు రాశాడన్నావు.”

“గుమాస్తా సరిగ్గానే రాశాడు” అంది ఫిలోమీజ్.

“అక్కకి చదువు అబ్బలేదన్నావు.”

“నువ్వు ఏడేళ్ళకే కొట్లో పొట్లం కాగితాలన్నీ చదివేసేదానివి. దోన్యాని అడుగు. అది చదివేది కాదు.”

“నేనూ చదివేదాన్నే” అంది మోరా. ఆ మధ్యాహ్నం ఆమె గొంతు వాకిట్లోవాళ్ళు వినడం అదే మొదలు. “పైకి చదవలేదు, అంతే.”

ఫిలోమీజ్ చేతిలో చాట ఒకవైపు ఒరిగి కాసిని బియ్యం జారిపోయాయి. ఏరడానికి ఆమె వంగలేదు. పెద్దకూతురు ఆ మాట ఏడేళ్ళుగా నాలుక కింద పెట్టుకుని పనిచేసిందని ఆమెకీ ఇప్పుడే తెలిసినట్టుంది.

తీతాకి ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో అర్థం కాలేదు. ఇందాకటిదాకా దొంగ ఒక్కరే, ఎదురుగా కనిపిస్తోంది, పని తేలిగ్గా ఉంది. ఇప్పుడు లెక్క తిరగబడింది. లెక్కల్లో తొంభయ్యొకటి తెచ్చుకున్న పిల్లకి కూడా అది ఎటునుంచి చేసినా తానే దొంగగా తేలుతోంది. ఆ పేరు వాడుకున్నది తను. ఆ బెంచీ మీద కూర్చున్నది తను. అక్క రాజధానిలో ఎవరివో గిన్నెలు తోముతుంటే, అక్క పేరు పట్నంలో కూర్చుని చదువుకుంది.

“నాకు చెప్పొచ్చుగా” అంది మోరాతో.

“అమ్మ ఒట్టు వేయించుకుంది.” మోరా బిడ్డని గుండెకి దగ్గరగా తీసుకుంది. “నా బడి ఇచ్చాను తీతా. పేరు కూడా ఇచ్చేశాననే అనుకున్నాను. రాజధానిలో నన్ను ఎవరూ పేరు అడగలేదు, అమ్మాయ్ అంటే సరిపోయేది. కడుపుతో ఉన్నప్పుడు ఆస్పత్రిలో చెప్పారు, తల్లికి కార్డు లేకపోతే బిడ్డకి గులాబీరంగు కాగితం ఇస్తామని. పరాయి పిల్లల పుస్తకంలో రాస్తామని. ఇది పుట్టకముందే దారిన పోయేది అయిపోతుంది. నావి ఎన్నయినా ఇస్తాను. దీనివి ఇవ్వలేను.”

అక్క తప్పుచేసి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది తీతాకి.

“మరి నన్ను ఇవాళ ఆఫీసుకి ఎందుకు పంపావమ్మా?” అని అడిగింది. “కార్డు తీసేసుకున్నారని నీకు తెలుసు. తెలిసీ, బట్టలు ఇస్త్రీ చేసి మరీ పంపావు.”

ఫిలోమీజ్ చాటని అరుగు మీద పెట్టింది.

“ఏదో ఒకటి చెప్పి తిప్పి పంపేస్తారనుకున్నాను” అంది. “ఎప్పుడూ పంపేస్తారుగా. ఏ రోజున అడిగినదానికి సరైన జవాబిచ్చారు గనక. ఇవాళే ఇస్తారనుకోలేదు.”

వరసలో ఎవరికీ నవ్వు రాలేదు. వచ్చినా నవ్వే ధైర్యం లేదు.

సీకో గొంతు సవరించుకున్నాడు. ఎంతైనా మంచిమనిషే. జరిగిందేదో జరిగింది, పిల్లకి నాలుగు రోజులున్నాయి, రేపు తెల్లారి తన మోటారుసైకిల్ మీద తనే తీసుకెళతాను, బల్ల దగ్గర తనకి తెలిసినవాడు ఉన్నాడు, ఫారం ఇక్కడే చెప్పుకుని వెళితే అక్కడ తడబాటు ఉండదు అన్నాడు. ఇన్నాళ్ళూ ఆ పేరు మీద రాసిన పరీక్షలు తీతావని అక్కడ చెప్పకూడదని కూడా హెచ్చరించాడు. ఆ పేరు ఇంక నోటితో అనకూడదు. రెండేళ్ళ తర్వాత మొదటి తరగతి నుంచి మొదలెట్టాల్సి వచ్చినా సరే.

ఇప్పటికే పదిహేడేళ్ళది, అప్పుడు మొదటి తరగతిలో ఎలా కూర్చుంటుందని యోనీజ్ అడిగింది. ముందు దేశంలో కూర్చోనీ, తర్వాత బళ్ళో కూర్చోవచ్చు అన్నాడు సీకో. మొదటి గడిలో పేరు రాయాలి, రెండో గడిలో దేశం, మూడో గడిలో తల్లి పేరు అని వేళ్ళు మడిచి చెప్పాడు.

“రెండో గడి సంగతి తర్వాత” అంది తీతా. “మొదటి గడిలో ఏం రాయను?”

తీతా అనేది పిలుపే గాని పేరు కాదు. చిన్నపిల్లల్లో సగంమందిని వరసలో అలాగే పిలుస్తారు. దెయానిరా గుమ్మంలో బిడ్డని ఎత్తుకుని నిలబడి ఉంది.

“అమ్మా, నేను పుట్టినప్పుడు నాకు ఏం పేరు పెట్టావు?”

ఫిలోమీజ్ ఓరేల్ వైపు చూసింది. ఓరేల్ తన చేతులు చూసుకున్నాడు. ఒలీవా అరుగు మీద కూలబడి, పళ్ళెం మీద వాలుతున్న ఈగల్ని రుమాలుతో తోలుతోంది.

“అక్కకి మేం పెట్టిన పేరు వాళ్ళు కొట్టేశారు కదే” అంది ఫిలోమీజ్, అందరికీ ఒకేసారి సంజాయిషీ చెబుతున్నట్టు. “ఎలాగూ వాళ్ళే పెడతారు గదా అని, నీకు పేరు పెట్టకుండా ఆగాం.”

“ఎప్పటిదాకా?”

“కాగితం వచ్చేదాకా.”